పదమూడు వందల తేడా

బేరమాడటం నాకు చేతకాదు. ఈ సంగతి మా ఆవిడ పెళ్లయిన నెల రోజుల్లోనే కనిపెట్టి, అప్పటినుంచీ కూరల బజారుకు నన్ను ఒంటరిగా పంపటం మానేసింది. అటువంటి నన్ను పట్టుకుని మొన్న ఆదివారం ఒక రాయబారానికి పంపింది. అదీ సైకిలు షాపుకి!

మా అమ్మాయి ఈ ఏడు ఎనిమిదో తరగతికి వచ్చింది. స్కూలు దూరం. సైకిలు కొనక తప్పదు. రాజమండ్రిలో మా వీధి చివరే ఒక పాత సైకిలు షాపు ఉంది. అక్కడ అమ్మాయి మెచ్చిన సైకిలు 8,200 రూపాయలన్నారు. ఇంటికొచ్చాక మా ఆవిడ ఫోను తీసి వెతికితే, అదే కంపెనీ, అదే రంగు, అదే 24 అంగుళాల చక్రాల సైకిలు 6,900 రూపాయలకే కనబడింది. పైగా ఇంటికి తెచ్చి ఇస్తారట.

"ఈ ధర చూపించి, ఇంతకి ఇస్తారేమో అడగండి. అడిగితే పోయేదేముంది?" అంది.

పోయేదేమిటో నాకు తెలుసు. ఆ షాపాయన మా నాన్నగారికి స్నేహితుడు. నేను బాబాయి గారూ అని పిలుస్తాను. చిన్నప్పుడు నేను మోకాళ్లు పగలగొట్టుకుని తొక్కడం నేర్చుకున్నది ఆయన గంటల లెక్కన అద్దెకిచ్చిన సైకిలు మీదే.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. నేను ఇంటి దగ్గర పిల్లలకు లెక్కలు చెప్పుకుని బతికేవాణ్ణి. నెల క్రితం ఒక తల్లి వచ్చి, "మేష్టారూ, మీరు మూడు నెలలకు తీసుకునే డబ్బుకి ఫోనులో ఏడాది పొడుగునా పాఠాలు చెబుతున్నారు. మీరూ కాస్త తగ్గించుకోకూడదా?" అని అడిగింది. నాకు ఒళ్లు మండిపోయింది. "అయితే మీవాణ్ణి ఆ ఫోనుకే అప్పగించండమ్మా" అన్నాను. ఆవిడ మారు మాట్లాడకుండా పిల్లవాడి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. ఆ మాట అన్న నోటితోనే ఇప్పుడు నేను బాబాయి గారిని అడగాలి!

షాపుకి వెళ్లి స్టూలు మీద కూర్చున్నాను. వానలు ఇంకా పడలేదన్నాను. గోదావరికి కొత్తనీరు వచ్చిందా అని అడిగాను. కుశలప్రశ్నలన్నీ అయిపోయాయి గాని, జేబులో ఫోను మాత్రం బయటికి రాలేదు. చివరికి ఆయనే, "ఏమిట్రా అబ్బాయ్, ఫోనులో ధర చూశావా?" అన్నారు.

నాకు చెమటలు పట్టాయి.

"ఈ వారంలో నువ్వు నాలుగోవాడివి. ఏదీ, ఇలా తే" అని ఫోను పుచ్చుకుని, కళ్లజోడు సవరించుకుని, చదవడం మొదలుపెట్టారు. నేను ధర దగ్గరే ఆగిపోయినవాణ్ణి. ఆయన ఆఖరి పంక్తి దాకా వెళ్లారు.

"నూటికి 85 పాళ్లు బిగించి పంపుతామని రాశారు, చూశావా? మిగతా 15 పాళ్లు ఎవరు బిగిస్తారు? హాండిలూ, ముందు చక్రమూ, పెడళ్లూ విడిగా వస్తాయి. ఎడమ పెడలు మర ఎదురు తిరుగుతుందని నీకు తెలుసునా? తెలియక మామూలుగా కుడివైపు తిప్పి బలవంతం చేస్తే మర పాడైపోతుంది."

లెక్కల మేష్టారికి ఆ సంగతి తెలియదు.

తరవాత సొరుగులోంచి తన కొనుగోలు బిల్లు తీసి నా ముందు పెట్టారు. లూధియానా నుంచి వచ్చిన ఆ సైకిలు ఆయనకు పడిందే 7,100 రూపాయలు! 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జి.ఎస్.టి. 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు కదా అని నసిగాను. ఆ 5 శాతమే బిల్లులో వేలుపెట్టి చూపించారు.

"వాళ్లు వేలకు వేలు కొంటారు. నేను నెలకు పది కొంటే ఎక్కువ. 6,900కి ఇస్తే చేతి డబ్బు వదులుతుంది. కోపంతో అనడం లేదురా, లెక్క చెబుతున్నాను" అంటూ ఒక అట్టముక్క మీద పెన్సిలుతో వేశారు.

ఫోను సైకిలు 6,900. బిగింపు కూలి 400. స్టాండు, తాళం, బుట్ట 550. వెరసి 7,850.

"నా 8,200లో ఇవన్నీ ఉన్నాయి. నెల తిరిగేసరికి కొత్త బ్రేకు తీగెలు వదులవుతాయి. వాటిని సరిచేయడమూ అందులోదే. ఇక తేడా 350. అందులో 150 వదులుకుంటాను. మిగతా 200 షాపు అద్దెకీ, కుర్రాడి జీతానికీ కావాలి. అదీ ఎక్కువనిపిస్తే ఫోనులోనే కొనుక్కో, తప్పులేదు. అట్టపెట్టె విప్పకుండా ఇక్కడికి పట్టుకురా. 400 పుచ్చుకుని నేనే బిగిస్తాను. ఆడపిల్ల ఎక్కే బండి, నువ్వు మాత్రం బిగించకు."

నేను 8,050 ఇచ్చి సైకిలు తెచ్చాను.

"ఎంత తగ్గించారు?" అంది మా ఆవిడ.

"నూట యాభై."

"అంతేనా!"

అట్టముక్క చూపించాను. ఇంట్లో లెక్కల మేష్టారు ఉన్నాడన్న గౌరవమైనా లేకుండా మళ్లీ కూడి చూసుకుంది. "సరిగ్గానే ఉంది. అడగబట్టే కదా ఇదంతా తెలిసింది?" అని, ఒక్క క్షణం ఆగి, "మరి ఆరోజు ఆవిడ అడిగితే మీరు లెక్క చెప్పారా?" అంది.

ఆ పూట నాకు అన్నం సహించలేదు. అడగడం తప్పు కాదు. ఆ ధరకి ఇవ్వలేకపోవడమూ తప్పు కాదు. లెక్క చెప్పవలసిన చోట నేను కోపం చూపించాను. అదీ తప్పు.

సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్లాను. "అమ్మా, ఆరోజు తొందరపడి అన్నాను. ఫోనులో చెప్పే డబ్బుకి నేను చెప్పలేను. నా దగ్గర కూర్చునేది పదిమందే. మీవాడు ఏ మెట్టు దగ్గర తప్పాడో నోటుబుక్కు చూసి దిద్దుతాను. నా కూలి దానికి. అయినా మీరు ఫోనులోనే చదివించుకోండి. అర్థం కాని లెక్కలుంటే ఆదివారం పూట పంపండి. ఆ ఒక్కరోజుకే పుచ్చుకుంటాను" అన్నాను.

ఆవిడ కాసేపు ఆలోచించి, "ఆదివారానికి ఎంత మేష్టారూ?" అంది.

చెప్పాను.

"కాస్త తగ్గించుకోండి" అంది.

బేరమాడటం నాకు చేతకాదని మొదట్లోనే మనవి చేసుకున్నాను కదా!