డైక్‌స్ట్రా అంటే గట్టువారు

ఇంజినీరింగులో షార్టెస్ట్ పాత్ అల్గారిథమ్ చదివిన ప్రతివాడూ ఆ పేరుతో కుస్తీ పట్టినవాడే. మా క్లాసులో సగంమంది "డిజ్క్‌స్ట్రా" అనేవాళ్ళు, నాతో సహా. స్పెల్లింగులో ఐ, జె, కె వరసగా ఉన్నాయి కాబట్టి లూప్ వేరియబుల్స్ ఈయన పేరులోంచే పుట్టాయని ఒక జోకు కూడా ఉండేది.

అసలు సంగతి మొన్న తెలిసింది. మా టీములో ఒక డచ్చాయన ఉన్నాడు. ఆయన ఇంటిపేరు చివర కూడా "స్ట్రా" ఉంది. వాళ్ళది ఉత్తరాన ఫ్రీస్‌లాండ్. కాఫీ తాగుతూ అడిగితే చెప్పాడు: "డైక్" అంటే సముద్రం పొలాల మీదకి రాకుండా వేసే గట్టు, "స్ట్రా" అంటే ఫలానా చోట ఉండేవాళ్ళు. శుభ్రంగా "గట్టువారు" అన్నమాట! మనలోనూ గట్టు వాళ్ళు ఉన్నారు కదా. దీనికా నేను నాలుగేళ్ళు భయపడింది?

ఇంకోటి చెప్పాడు, "టెర్ప్‌స్ట్రా". గట్లు కట్టడం రాకముందు అక్కడివాళ్ళు మట్టీ, పేడా పోసి ఎత్తుగా దిబ్బలు వేసుకుని వాటిమీద ఇళ్ళు కట్టుకునేవారట. ఆ దిబ్బే టెర్ప్. వాళ్ళు దిబ్బవారు. ఒక జిల్లా చరిత్రంతా హాజరుపట్టీలో ఉన్నట్టే.

వీళ్ళలో చాలామందికి 1811 దాకా స్థిరమైన ఇంటిపేరే లేదు, తండ్రి పేరే తగిలించుకునేవారు. నెపోలియన్ హాలండ్‌ని ఫ్రాన్సులో కలుపుకున్నాక, ఆ ఏడాది అందరూ ఒక ఇంటిపేరు రాయించుకోవాల్సిందేనని ఆర్డరు వేశాడు. జనం ఒళ్ళుమండి వెటకారపు పేర్లు రాయించారనీ, "నాక్ట్‌గెబోరెన్" అంటే "బట్టల్లేకుండా పుట్టినవాడు" అలా వచ్చిందేననీ ఒక కథ. వినడానికి బావుంది గానీ నమ్మకండి. అది తండ్రి పోయాక పుట్టినవాడు అనే జర్మన్ మాట నోళ్ళలో నలిగి అలా అయిందంటారు.

ఇంత చెప్పి, "మరి నీ పేరుకి అర్థం ఏంటి?" అన్నాడు. నాకు తెలీదు. పాస్‌పోర్టులో, వీసా ఫారాల్లో, జీతం స్లిప్పులో వందసార్లు టైపు చేసుంటాను... ఒక్కసారీ అడగాలనిపించలేదు.

రాత్రి ఇంటికి ఫోన్ చేశాను.

"అది ఊరి పేరురా. మన పెద్దవాళ్ళు అక్కణ్ణుంచే వచ్చారు," అన్నారు నాన్న.

"ఎక్కడుంది నాన్నా ఆ ఊరు?"

"ఇప్పుడెక్కడిది! 1981లో శ్రీశైలం నీళ్ళలో మునిగిపోయింది. ఎండాకాలం నీళ్ళు బాగా తగ్గితే గుడి గోడ కనిపిస్తుందంటారు. నేనూ వెళ్ళలేదు."

మర్నాడు ఇది చెప్తే డచ్చాయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కంప్యూటర్లో మ్యాప్ తెరిచి, ఎక్కడో చూపించమన్నాడు. నీలం రంగు మీద వేలు పెట్టి చూపించాను.