అసలు బేరం వాయిదాల పట్టికలో ఉంది

లోను పెట్టి ఫ్లాటు కొనేవాళ్లు చదరపు అడుగు రేటు దగ్గర గంటలకొద్దీ బేరమాడతారు. బిల్డర్‌కు ఎప్పుడెంత కట్టాలో చెప్పే వాయిదాల పట్టిక వచ్చేసరికి చదవకుండానే సంతకం పెట్టేస్తారు. నా బాధంతా అదే.

2016 రెరా చట్టం 13వ సెక్షన్ ప్రకారం, అమ్మకపు ఒప్పందం రిజిస్టర్ కాకుండా ధరలో 10 శాతానికి మించి బిల్డర్ తీసుకోకూడదు. ఆ తర్వాతి వాయిదాలు తేదీలకు కాదు, పనికి ముడిపడాలి. పునాది, మన అంతస్తు స్లాబు, గోడలు, ప్లాస్టరింగ్... ఒక్కోటీ పూర్తయ్యాకే డబ్బు. చివరి వాయిదా కాస్త పెద్దదిగా ఉంచి, ఇంట్లో ఉండొచ్చని అనుమతించే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే ఇస్తామని ఒప్పందంలో రాయించుకోవాలి. బిల్డర్ ఒప్పుకోడేమోనన్న మొహమాటం వద్దు, అడిగితే చాలామంది ఎంతో కొంత దిగొస్తారు.

ఎందుకింత పట్టుదలంటే, బ్యాంకు విడుదల చేసిన ప్రతి రూపాయికీ ఆరోజు నుంచే వడ్డీ. 20 లక్షలు ముందే వెళ్లిపోతే, 9 శాతం లెక్కన నెలకు 15 వేలు. పని ఆగిపోయినా అది ఆగదు. పైన ఇంటద్దె ఎలాగూ ఉంటుంది.

వాయిదా కట్టమంటూ బిల్డర్ నుంచి డిమాండ్ లెటర్ రాగానే ఒకసారి సైటుకెళ్లి కళ్లారా చూడండి. పని కాకపోతే ఫొటోలు జతచేసి, డబ్బు విడుదల చేయొద్దని బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పండి.