ఎడారిలో మన గరిక

మిల్లు మూతపడి ఇరవై ఏళ్లు దాటినా ఫస్టు షిఫ్టు నా ఒంట్లోంచి పోలేదు. ఎక్కడ పడుకున్నా తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వస్తుంది. 2024 అక్టోబరులో అమెరికాలో పామ్ స్ప్రింగ్స్ అనే ఊళ్లో, హోటల్లో పడుకున్నప్పుడూ అంతే. మా ఇంటామె, బిడ్డ, అల్లుడు, మనవడు అందరూ మంచి నిద్రలో ఉన్నారు. చప్పుడు కాకుండా చెప్పులు చేతపట్టుకుని బయటికొచ్చాను.

హోటలు వెనకాలే గోల్ఫ్ మైదానం. చీకట్లో నాలుగైదు లైట్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. దగ్గరికి పోతే గడ్డి కోసే యంత్రాలు, వాటి మీద మనుషులు. ఇద్దరు నెత్తికి లైటు కట్టుకుని కోసిన గడ్డిని కుప్ప చేస్తున్నారు. ఆ కుప్పలోంచి ఒక గుప్పెడు తీసి చూశాను. కణుపులు, కణుపు దగ్గర వేర్లు, సన్నటి ఆకులు. గరిక! వినాయకుడికి పెట్టే మన గరికే! చవితి చేసుకునే నేను విమానం ఎక్కాను. మా సోలాపూర్ కన్నా చౌకులో చిన్న కట్టకు పది రూపాయలు పెట్టి కొన్నాను. ఇక్కడ మనిషెత్తు కుప్పలు పోసి బండికెత్తి పారబోస్తున్నారు.

యంత్రం మీది మనిషి నన్ను చూసి ఆపాడు. తిడతాడేమో అనుకున్నాను. గరికను ముక్కు దగ్గర పెట్టుకుని చూపించి, రెండు చేతులతో దండం పెట్టినట్టు చేశాను. ఏమర్థమైందో, నవ్వాడు. నాకు వచ్చిన ఇంగ్లీషులో ఒక ముక్క అడిగాను, "షిఫ్ట్?" అని. ఆ మాట ఏ దేశంలోనైనా మజ్దూర్లకు తెలుస్తుంది. నాలుగు వేళ్లు చూపించాడు, నాలుగింటికి మొదలు అన్నట్టు. ఎండను తిడుతున్నట్టు ఆకాశం వైపు చేయి చూపించి, నడి పొద్దుకు ముందే అయిపోతుందన్నట్టు చెప్పాడు. గుండె మీద చేయి పెట్టి "మెక్సికో" అన్నాడు. నేను "ఇండియా" అన్నాను. చేయి కలిపాడు. మా సాంచా ఖాతా వాళ్ల చేతుల లెక్కనే ఉంది, గరుకుగా.

ఆ ఊరి సంగతి ఇప్పుడు చెబుతాను. పత్రికవాళ్లు రాయమన్నది దాని గురించే.

పామ్ స్ప్రింగ్స్ కాలిఫోర్నియా రాష్ట్రంలో ఉంది. లాస్ ఏంజలస్ నుంచి తూర్పుకు కారులో రెండు రెండున్నర గంటలు. దారిలో రెండు పెద్ద కొండల మధ్య సందు వస్తుంది. అక్కడ గాలి మరలు వందల కొద్దీ తిరుగుతుంటాయి. ఆ సందు దాటితే ఎడారి. ఆ లోయ పేరు కోచెల్లా. పామ్ స్ప్రింగ్స్‌తో మొదలుపెట్టి పామ్ డెజర్ట్, ఇండియన్ వెల్స్, లా కింటా, ఇండియో ఇట్లా తొమ్మిది ఊళ్లు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. ఆ లోయ మొత్తం మీద నూరుకు పైగా గోల్ఫ్ మైదానాలట. ఏడాదికి పడే వాన అయిదంగుళాలు. 2024 జూలై 5న 51 డిగ్రీల ఎండ కాసింది, ఆ ఊరి చరిత్రలోనే ఎక్కువ. మా సోలాపూర్ ఎండ గురించి గొప్పగా చెప్పుకునే నేను ఆ మాట విని నోరు మూసుకున్నాను.

ఇంత ఎండలో అంత పచ్చదనం ఎట్లా అంటే, అంతా నీళ్ల మహిమ. భూమి కింద పెద్ద జలాశయం ఉంది. దాన్ని తోడీ తోడీ మట్టం పడిపోతుంటే, కొలరాడో నది నీళ్లు కాలువలో తెచ్చి పెద్ద పెద్ద చెరువుల్లాంటి గుంతల్లో వదిలి ఇంకిస్తారు. మన ఇంకుడు గుంతల మాదిరే, కాకపోతే ఒక్కొక్కటి మన ఊరి చెరువంత. కొన్ని మైదానాలకు మురుగునీటిని శుభ్రం చేసి పెడతారు. అక్కడ ఊదా రంగు బోర్డులు ఉంటాయి, తాగొద్దని. అది మంచి పనే. మా నల్లా నాలుగైదు రోజులకొకసారి వస్తుంది, ఉజని డ్యాము నిండినా సరే. అక్కడ గడ్డికి రోజుకు నాలుగైదు సార్లు నీళ్లు కొడుతుంటే చూసి మా ఇంటామెకు కోపం వచ్చింది. "బిందెల లైనుల నిలబడ్డోళ్లకు తెలుస్తది" అంది. మన దగ్గర చెరుకుకు పోయే నీళ్ల లెక్క కూడా తీస్తే ఆ కోపం ఎవరి మీదికి పోతుందో అన్నాను. మాట్లాడలేదు.

ఆ గరికను వాళ్లు బెర్ముడా గ్రాస్ అంటారు. మనవడు ఫోనులో చూసి చెప్పాడు, మన గరిక జాతిదే, మైదానాల కోసం ఇంకో గరిక రకంతో కలిపి తయారుచేసిందట. ఎండాకాలం బాగా పెరుగుతుంది, చలికి గోధుమ రంగుకు తిరుగుతుంది. కానీ అక్కడికి పైసలున్నవాళ్లు వచ్చేది చలికాలంలోనే, మంచు పడే రాష్ట్రాల నుంచి. వాళ్లొచ్చేసరికి పచ్చగా ఉండాలి. అందుకని ఏటా అక్టోబరు చుట్టుపక్కల మూడు నాలుగు వారాలు మైదానం మూసేసి, గరికను వేర్ల దాకా కొట్టేసి, దాని మీద రై గడ్డి విత్తనం చల్లుతారు. రై గడ్డి చలికాలమంతా పచ్చగా ఉండి, ఎండలు ముదిరితే మాడిపోతుంది. మళ్లీ కింది నుంచి గరిక లేస్తుంది. నేను చూసింది ఆ కోత.

ఆట సంగతి ఎక్కువ రాయను, నాకు తెలియదు. చిన్న తెల్ల బంతి, పొడుగాటి కట్టె, పద్దెనిమిది గుంతలు. 1951లో అక్కడ మొదటి పద్దెనిమిది గుంతల మైదానం వచ్చింది, థండర్‌బర్డ్ అని. తర్వాత సినిమావాళ్లు, కంపెనీ యజమానులు, ఐజన్‌హోవర్ లాంటి మాజీ ప్రెసిడెంట్లు ఇళ్లు కట్టుకున్నారు. ఐజన్‌హోవర్ 1968లో అక్కడే ఒక్క దెబ్బకు బంతిని గుంతలో వేశాడట, అది జీవితంలో ఒక్కసారే జరిగిందని సంబరపడ్డాడట. కేబుల్ కారు కూడా ఎక్కాం. 1963లో పెట్టింది, 2,643 అడుగుల నుంచి 8,516 అడుగులకు ఎక్కిస్తుంది, లోపల నేల గుండ్రంగా తిరుగుతుంది. కింద చెమట, పైన చలి. మా ఇంటామె రెండు చీరలు కప్పుకుంది.

నన్ను పట్టుకున్నది ఒక పటం. హోటలు దగ్గర్లోనే ఒక మ్యూజియం ఉంది, 2023లో తెరిచారు. అగువా కాలియెంతే తెగ వాళ్లది. అగువా కాలియెంతే అంటే స్పానిషు మాటలో వేడినీళ్లు. ఊరి నడుమ వేడినీళ్ల ఊట ఉంది, ఊరికి పేరు రావడానికి అదీ ఒక కారణం. తెగవాళ్లు వేల ఏళ్లుగా ఆ ఊట దగ్గరే ఉన్నారు. ఊరి భూముల పటం చూపించి బిడ్డ చెప్పింది. నాకు చెప్పనక్కర లేకుండానే అర్థమైంది, అది మన గళ్ల చద్దరు. ఒక గడి రైలు కంపెనీకి, ఒక గడి తెగకు, మళ్లీ ఒకటి రైలుకు. రైలు పట్టాలు వేసినందుకు సర్కారు ఒకటి, మూడు, అయిదు నంబర్ల గడులు కంపెనీకి ఇచ్చేసింది. రెండు, నాలుగు, ఆరు ఇట్లా సరి నంబర్లవి తెగకు మిగిల్చింది. ఒక్కో గడి చదరపు మైలు. చద్దరు నేసినవాణ్ణి, ఏ గడి ఎందుకు అక్కడుందో చూడటం నాకు అలవాటు. ఊరి నట్టనడుమ పడిన గడి నంబరు 14. తెగది.

ఆ పద్నాలుగో గడిలో ఎవరుండేవాళ్లు? హోటళ్లలో గదులు ఊడ్చేవాళ్లు, వంటవాళ్లు, తోటమాలులు, గోడలు కట్టేవాళ్లు. నల్లవాళ్లు, మెక్సికోవాళ్లు, ఫిలిప్పీన్స్‌వాళ్లు, తెగవాళ్లు. ఊళ్లో వేరేచోట నల్లవాళ్లకు ఇల్లు అద్దెకివ్వరు, అమ్మరు. అందుకని తెగవాళ్ల దగ్గర జాగా అద్దెకు తీసుకుని సొంత చేతులతో ఇళ్లేసుకున్నారు. హోటలు పనికి నడిచిపోయేంత దూరం. అచ్చం మన చాళీ ఎందుకు మిల్లు గోడను ఆనుకుని ఉండేదో, అందుకే.

1950లలో తెగ కౌన్సిలు మొత్తం ఆడవాళ్లదే. వయోలా ఓలింగర్ అనే ఆమె అధ్యక్షురాలు. తమ భూమిని 99 ఏళ్ల లీజుకు ఇచ్చుకునే హక్కు కోసం వాళ్లు వాషింగ్టన్ దాకా పోయి కొట్లాడారు. 1959లో చట్టం వచ్చింది. అది వాళ్లకు న్యాయమే. కానీ కోర్టులు చాలామంది తెగవాళ్ల మీద సంరక్షకులను పెట్టాయి, వకీళ్లు, జడ్జీలు, వ్యాపారస్తులు. ఫీజులు వాళ్లు తిన్నారు. 99 ఏళ్ల లీజు అనేసరికి ఊరి నడుమ ఉన్న జాగా బంగారమైంది. బంగారమైన జాగాలో కూలోళ్ల గుడిసెలు ఎందుకు? నోటీసులు అంటించారు. 1960లలో నగరంవాళ్లే ఇళ్లు కూల్చారు, కాల్చారు. పొద్దున పనికి పోయిన మనిషి సాయంత్రం వచ్చేసరికి ఇల్లు బూడిద. 1968లో కాలిఫోర్నియా అటార్నీ జనరల్ ఆఫీసు విచారణ చేసి నగరాన్ని గట్టిగా తప్పుపట్టింది. తప్పుపట్టినా, ఇళ్లు రాలేదు.

ఇప్పుడు ఆ గడిలో హోటళ్లు, కాసినో, ఆ మ్యూజియం ఉన్నాయి. తెగవాళ్లు లేచి నిలబడ్డారు. భూమి కింది నీళ్ల కోసం కూడా 2013లో కేసు వేశారు, 2017లో అప్పీలు కోర్టు వాళ్లకు హక్కుందని చెప్పింది. కానీ వంటవాళ్లు, ఊడ్చేవాళ్లు మాత్రం చెల్లాచెదరయ్యారు.

లోయలో కిందికి పోతే గోల్ఫ్ అయిపోయి పొలాలు వస్తాయి. ద్రాక్ష, మిరప, నిమ్మ జాతి తోటలు, ఖర్జూరం. అమెరికాలో పండే ఖర్జూరంలో ఎక్కువ భాగం అక్కడిదే. మొక్కలు అల్జీరియా, మొరాకో లాంటి దేశాల నుంచి తెచ్చారు. అక్టోబరు కోత కాలం. నిచ్చెనలెక్కి గెలలకు కట్టిన సంచులు విప్పి కోస్తున్నారు. వసంతంలో ఆ చెట్టుకు మగపూల పొడి కూడా మనుషులే ఎక్కి అంటించాలి. మా తాత ఊళ్లో గౌండ్లోళ్లు మోకు కట్టుకుని తాడి ఎక్కడం యాదికొచ్చింది. ఆ ద్రాక్ష తోటల్లోనే 1965 మే నెలలో ఫిలిప్పీన్స్ కూలీలు గంటకు ఒక డాలరు నలభై సెంట్లు కావాలని పని ఆపి, పదిరోజులకే సాధించుకున్నారు. అదే ఏడు సెప్టెంబరులో ఉత్తరాన డెలానో అనే చోట పెద్ద సమ్మె మొదలైంది, సీజర్ చావెజ్ సంఘం కూడా కలిసింది. అయిదేళ్లు నడిచి గెలిచింది. మన 1982 ముంబై సమ్మె అట్లా గెలవలేదు. ఎందుకని అక్కడే నిలబడి కాసేపు ఆలోచించాను, అల్లుడు హారను కొట్టేదాకా.

ఒక మాట మరిచాను. హోటలు ఈత కొలను దగ్గర తెల్ల టవళ్లు పేర్చిపెట్టారు. టవలు కనిపిస్తే అంచు తిప్పి చూడకుండా ఉండలేను. టెర్రీ మంచిగా ఉంది, పోగు సమానంగా లేచింది, అంచు మడత గట్టిగా కుట్టారు. చీటీ మీద "మేడ్ ఇన్ ఇండియా". ఏ ఊరిదో రాయలేదు. బిడ్డ "బాపూ, అందరు చూస్తున్నరే" అన్నది. చూడనీ.

నేను తిరిగొచ్చాక నవంబరులో బిడ్డ ఫోను చేసి చెప్పింది. పామ్ స్ప్రింగ్స్ నగరం 2021లోనే క్షమాపణ అడిగిందట. ఇప్పుడు పద్నాలుగో గడిలో ఇళ్లు పోయినవాళ్లకు, వాళ్ల పిల్లలకు 59 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుందట. ఇళ్ల పథకాలకు వేరే పైసలు. పంచుకుంటే ఒక్కొక్కరికి ఎక్కువేం రాదు. ఇల్లు కాలినప్పుడు పిల్లలుగా ఉన్నవాళ్లు ఇప్పుడు నా వయసుకు పైబడ్డారు. మేం ఇక్కడ ఉన్నాం అని చెప్పడానికి వాళ్ల దగ్గర ఏమున్నాయి? యాది ఉంది, ఫొటోలు ఉన్నాయి, పక్కింటివాళ్ల మాట ఉంది.

ఆ రాత్రి మా ఇంటామె ట్రంకు పెట్టె తీశాను. మా చాళీ ఉన్న జాగాలో ఇప్పుడు గేటు వేసిన బిల్డింగులు, ముందర పచ్చగడ్డి. పోయిన ఏడు లోపలికి పోబోతే సెక్యూరిటీ పిల్లవాడు ఎవరు కావాలని అడిగాడు. ఎవరి పేరు చెప్పాలి? మా బాకీల ఫైలు ఇంకా ఎక్కడో నడుస్తూనే ఉంది. పెట్టెలో నా మిల్లు బిల్లా దొరికింది, 1979 నుంచి ఖోలీ కిరాయి రసీదులు పదకొండు దొరికాయి, గణపతి పండుగనాడు చాళీ ముందర తీసిన ఫొటో ఒకటి. ఫొటోలో ముప్పై ఒక్క మంది. పద్దెనిమిది మందిని గుర్తుపట్టాను. మిగతా పదమూడు మంది పేర్లు నాకు అందడం లేదు.

ఆ చాళీలో ఉన్నవాళ్లు, వాళ్ల పిల్లలు ఈ పత్రిక చదువుతుంటే మీ ఇళ్లలో వెతకండి. రసీదు, రేషను కార్డు, బిల్లా, పెళ్లి ఫొటో, ఏదైనా సరే. పారేయకండి, జిరాక్సు తీయించి తెండి. సాయంత్రం అయిదు దాటాక సంఘం గదిలో ఉంటాను. పదమూడు మందిలో మీ నాయిన ఉన్నాడేమో వచ్చి చూడండి.