మంద దాటేదాకా

ఇవాళ పొద్దున్న గొర్రెల మంద అడ్డం వస్తే సైకిల్ దిగి పక్కన నిలబడ్డాను.

నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవెన్ పక్కనే, స్ట్రాబ్రెక్ట్‌సె హైడె. అడవీ, మడుగులూ, మధ్యలో పొదల బీడు. ఆగస్టు కదా, ఆ హెదర్ పొదలు పూసి కనుచూపుమేరా ఊదారంగే.

ఈ బాటమీద కార్లు రావు.
టైరు కింద కంకర కరకర, మంద వెనక కుక్క ఒగర్పు. అంతే.

ఈ బీడు దానంతటది మిగల్లేదట. గొర్రెలు మేయడం మానేస్తే గడ్డి కమ్మేస్తుంది, బర్చ్, పైన్ మొక్కలు లేస్తాయి, కొన్నేళ్లకు అడవైపోతుంది. వందల ఏళ్ల మేత నిలబెట్టిన నేల ఇది.

దారికి ఫోన్ కూడా తీయక్కర్లేదు. సైకిల్ బాటల కూడలి కూడలికీ ఓ నంబరు, వాటిని పట్టుకుని పోతే చాలు. 1995లో పొరుగున బెల్జియం లింబర్గ్‌లో హ్యూగో బోలెన్ అనే గని ఇంజనీరు మొదలుపెట్టిన పద్ధతి.

మంద దాటడానికి పది నిమిషాలు పట్టింది. వెనక నుంచి ఏం దూసుకొస్తుందోనని ఎప్పుడూ బిగుసుకుని ఉండే భుజాలు అప్పుడే వదులయ్యాయి.

చిన్నప్పుడు బడికెళ్లే చెరువుగట్టు గుర్తొచ్చింది. అక్కడా ఇలాగే ఆగేవాళ్లం, మంద దాటేదాకా. అది భాగ్యమని అప్పుడు తెలీదు.

మీ ఊళ్లో కార్లు రాని బాట ఇంకా మిగిలుందా? ఎక్కడో చెప్పండి.