పాలవలె పడిన ఏరు

పరుగెత్తు నీటిని నిలువబెట్టి బొమ్మ తీయవలెనను కోరిక నాకెప్పుడు పుట్టినదో చెప్పజాలను గాని, అది తీరు కోరిక కాదని తెలిసినది మాత్రము గంగోత్రిలో, సూర్యకుండము నెదుట. నీరు ఒరసి ఒరసి నునుపు తేర్చిన తెల్లని రాతిగోడల నడుమ ఇరుకునబడి భాగీరథి ఒక్కుమ్మడిగా క్రిందికి దుముకుచుండ, ఆ హోరులో ప్రక్కవాని మాట వినరాక, తుంపర కెమెరా కంటిపై పడకుండ కండువా చెఱగు అడ్డము పెట్టుకొని, పన్నెండు బొమ్మలకు మాత్రమే చాలిన ఫిలిము చుట్టతో నేను చాలసేపు తటపటాయించితిని. మీట నొక్కు లోపల నేను చూచిన నీరు వెడలిపోయి వేఱొక నీరు వచ్చుచుండెను.

కెమెరా తెరను సెకండులో రెండువందలవ వంతు తెఱచినచో ఏరు పగిలిన గాజుపెంకుల కుప్పవలె పడును. రెండు మూడు సెకండ్లు తెఱచి యుంచినచో బండలపై ఒలికిన పాలవలె పడును. కన్ను చూచునది ఈ రెండును కాదు. బండకు దిగువ లేచిన అల గంటలకొలది అక్కడనే, ఆ వంపుతోనే నిలిచియుండును. అందలి నీరు మాత్రము క్షణక్షణమును మాఱుచుండును. కదలుచు నిలిచియున్న ఈ వింతను కాగితముపైకి తెచ్చిన వానిని నేనింతవఱకు చూడలేదు.

ఈ చిక్కు మొదట పడినవారిలో శామ్యూల్ బోర్న్ ఒకడు. నాటింగ్‌హామ్‌లో బ్యాంకు గుమాస్తాగిరి వదలుకొని 1863లో కలకత్తాలో దిగిన ఈ ఆంగ్లేయుడు, ఆ యేడే సిమ్లా నుండి 30 మంది కూలీలతో కొండలలోనికి బయలుదేఱి, పదివారములు తిరిగి 147 గాజుపలకల చిత్రములతో మరలి వచ్చెను. అది తడిపలకల కాలము. గాజుపలకపై కలోడియను అను జిగురు పూసి, వెండి లవణపు నీట ముంచి, ఆ తడి ఆఱకముందే చిత్రము తీసి, వెంటనే గుడారపు చీకటిలో రసాయనము పోసి బొమ్మను పైకి రప్పింపవలెను. ఆఱినచో అంతవఱకు పడిన శ్రమ వ్యర్థము. గుడారము, సీసాలు, గాజుపెట్టెలు మనుష్యుల వీపులపై నడిచినవి. దారిలో మొరాయించి దాగిన కూలీలను వెదకి వారికి తన కఱ్ఱ రుచి చూపితినని ఆయనయే ఇంగ్లండు పత్రికకు నిస్సంకోచముగా వ్రాసికొనెను. ఆ వీపులు లేనిదే ఆ చిత్రములలో ఒక్కటియు లేదు. 1866లో 18,600 అడుగుల ఎత్తున మణిరంగ్ కనుమపై చిత్రములు తీసి, ఆ యాత్రలోనే గంగోత్రి దాటి, హిమానీనదము నుండి భాగీరథి వెలువడు గోముఖము చేరెను. ఆ పలకలు కడుగబడినది ఏ యేటి నీటనో ఊహించుట కష్టము కాదు.

ఆ పలక మందగొడిది. కొన్ని సెకండ్లు వెలుగు త్రాగిన గాని బొమ్మ పట్టదు. కావున ఆయన ఏళ్లన్నియు పాలయ్యెను. నీలమునకు అతిగా స్పందించుటచే ఆకాశము వెలవెలబోయెను, చెట్ల పచ్చదనము నల్లబడెను. ఇవి గత్యంతరము లేక వచ్చినవి. నేడన్ననో, సెకండులో వేయవవంతును పట్టగల యంత్రము చేతనుండియు, లెన్సుకు నల్లద్దము తొడిగి, వెలుగును బలవంతముగా ఆపి, ప్రతి సెలయేటిని పాలుచేయుట ఒక వేడుకయైనది. బోర్న్‌కు లోపమైనది మనవారికి అలంకారమైనది! నాకీ వేడుక రుచింపదు. అందులోను భాగీరథి యెడల అది అన్యాయము: హిమానీనదము కొండరాళ్లను నూఱి పిండి చేసి తనలో కలిపిన యా నీరు పాలు కాదు, బూడిద కలిపిన కుడితి రంగు, దోసిట పట్టినచో సన్నని ఇసుక అరచేత మిగులును. ఆ బరువు, ఆ గరుకుదనము పాలలో కరగిపోవును.

గంగోత్రి నుండి చీడ్‌బాసా పైన్ చెట్లను, భోజ్‌బాసా భూర్జవృక్షములను దాటి, సుమారు 18 కిలోమీటర్లు నడచి గోముఖమునకు పోయినప్పుడు బోర్న్ తీసిన చిత్రపు నకలు నా సంచిలో నుండెను. అందు ఏరు చెదరి తెల్లని పొగవలె నున్నది. దాని వెనుకనున్న మంచుగోడ మాత్రము పగుళ్లతో సహా ఎంతో స్ఫుటముగా పడినది. కదలునది చెదరుట, కదలనిది నిలుచుట కెమెరా ధర్మమే గదా యని ఇంటివద్ద చూచినపుడు తలచితిని. చిత్రమును చేతబట్టుకొని రాళ్ల నడుమ ఆ తావునకై వెదకితిని. ఏరు అట్లే హోరెత్తుచున్నది. ఆ మంచుగోడ అచ్చట లేదు. బోర్న్ చూచిన చోటి నుండి అది ఒక కిలోమీటరుకు పైగా వెనుకకు పోయి, దాని తావున గులకరాళ్లు మిగిలియున్నవి.