అతిథి వెళ్ళిన తరువాత

మా ఇంటి వీధి తలుపునకు ఒకప్పుడు ఇత్తడి తాళం ఉండేది. దానికి చెవులు రెండే. ఒకటి అబ్బాజాన్ జేబులో, మరొకటి దాదీ కొంగు ముడిలో ఉండేవి. ఆ రెండు చెవులు ఎక్కడున్నవో తెలిస్తే ఇల్లు భద్రంగా ఉన్నట్లే.

హైదరాబాదు టోలీచౌకీలోని మా ఇంటి పై వాటాను మూడేళ్ళ క్రితం రోజు కిరాయికి ఇవ్వటం మొదలుపెట్టాము. జిల్లాల నుండి ఆస్పత్రి పనుల మీద వచ్చేవారు నాలుగు రోజులో వారం రోజులో ఉండి పోయేవారు. మేము అన్నదమ్ములమిద్దరం కాలేజీ చదువులవాళ్ళము, కొత్త వస్తువులపై మోజుగలవాళ్ళము. ఇత్తడి తాళాన్ని తీయించి, అంకెలు నొక్కితే తెరుచుకునే తాళాన్ని పెట్టించాము. లోపలి గడియ కూడా అనవసరమని ఊడదీయించాము. హాలులో ఇంటర్నెట్ టీవీ, మాట చెబితే పలికే స్పీకరు, సామాను పోకుండా ఒక కెమెరా అమర్చాము. అద్దెకు వచ్చిన వారందరికీ ఒకటే ఆరంకెల సంఖ్య చెప్పేవారము. పదే పదే మార్చటం మాకు బద్ధకం.

ఒక శీతకాలంలో కడప నుండి ఒక తల్లి, కూతురు వచ్చారు. తల్లికి కంటి ఆపరేషను జరిగింది. రెండవ రాత్రి పదకొండు గంటలకు మేడమీద నుండి కేకలు వినబడి మేము పరుగెత్తాము. హాలు మధ్యలో, అంతకు ముందు వారం మా వద్ద బస చేసిన పెద్దమనిషి నిలబడి వణుకుతున్నాడు. మరచిపోయిన మందుల సంచి కోసం వచ్చాడట. అంత రాత్రివేళ మమ్ములను లేపటం ఎందుకని, తనకు తెలిసిన సంఖ్యనే నొక్కి తలుపు తెరిచాడట. వాటా ఖాళీగా ఉందనుకున్నాడు. ఆయన దొంగ కాడు, దుర్మార్గుడు కాడు. వెళ్ళిపోయిన మనిషిని మా తాళమే తిరిగి లోనికి రానిచ్చింది. తప్పు పూర్తిగా మాది.

ఆయనను పంపివేసి క్షమాపణ చెప్పబోయాము. అప్పుడు హాలులోని కెమెరాపై ఒక తువ్వాలు కప్పి ఉండటం మా కంటబడింది. కంటికి కట్టు కట్టుకుని మంచంపై కూర్చున్న ఆ తల్లి మెల్లగా అన్నది: "ఇది మాకు చెప్పలేదే నాయనా! ఈ సాయంత్రం బిడ్డ చూసిందాకా మాకు తెలియదు. అప్పటి నుండి నెత్తిన కొంగు తీయకుండానే కూర్చున్నాము." మా వద్ద జవాబు లేదు.

మరునాడు దాదీ మమ్ములను కూర్చోబెట్టి అడిగింది: "బేటా, పరుల ఇంట్లోకి అనుమతి అడగనిదే, సలాము చెప్పనిదే ప్రవేశించవద్దని సూరా నూర్‌లో ఉన్నదని చిన్నప్పుడే నేర్పాను గదా! నాలుగు రోజులకు ఇచ్చినా, ఆ నాలుగు రోజులు అది వారి ఇల్లు. ఆ కన్ను ఎవరి అనుమతితో లోపల కూర్చున్నది?"

అప్పుడు గాని మేము ఈ విషయాన్ని శ్రద్ధగా చదవలేదు. ఈ అజాగ్రత్త మా ఒక్కరిది కాదని తెలిసింది. 2016లో 'మిరాయ్' అనే దుష్ట ప్రోగ్రాము లోకంలోని లక్షలాది కెమెరాలను, రౌటర్లను వశపరచుకున్నది. దాని ఉపాయం అతి సామాన్యమైనది. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డులను ఎవరూ మార్చరని దానికి తెలుసు. అటువంటివి సుమారు 60 జతలున్న జాబితా నుండి తీసుకుని ప్రయత్నించేది. ఆ యంత్రాల సైన్యంతోనే 2016 అక్టోబరు 21న అమెరికాలో అనేక ప్రముఖ వెబ్‌సైట్లు గంటల తరబడి స్తంభించాయి. ఇటువంటి వస్తువులను అందరికీ తెలిసిన ఒకే పాస్‌వర్డుతో అమ్మరాదని బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుండి చట్టం అమలులోకి వచ్చింది. ఆ మరునాటి నుండే ఎయిర్‌బీఎన్‌బీ సంస్థ తన ద్వారా కిరాయికిచ్చే ఇండ్ల లోపల కెమెరాలను ప్రపంచమంతటా నిషేధించింది. వ్యక్తి ఏకాంతం ప్రాథమిక హక్కేనని మన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పియున్నది. దాదీ ఆ తీర్పును చదవలేదు. చదవవలసిన అవసరం ఆమెకు లేకపోయింది.

మేము చేసిన మార్పులు పెద్దవేమీ కావు. ఇప్పుడు వచ్చిన ప్రతి కుటుంబానికి వేరే సంఖ్య ఇస్తాము. వారు ఖాళీ చేసిన గంటకే అది చెల్లకుండా పోతుంది. ఊడదీసిన గడియను తిరిగి బిగించాము. విద్యుత్తుతో గాని ఇంటర్నెట్‌తో గాని పనిలేని ఆ ఇనుప ముక్కే లోపలివారికి నిజమైన ధైర్యం. కెమెరాను హాలు నుండి తీసి వీధి గుమ్మం పైకి మార్చాము. ఆ సంగతి రాకముందే అతిథులకు చెబుతాము. వినే స్పీకరును తీసివేశాము. రౌటరు పాస్‌వర్డు మార్చి, అతిథులకు వేరుగా ఒక వైఫై ఏర్పరచాము. వారి ఫోనులకు మా యంత్రాలతోను, మా యంత్రాలకు వారి ఫోనులతోను సంబంధం లేదు. అతిథి వెళ్ళగానే దుప్పట్లు ఉతికించినట్లే, టీవీలో మిగిలిన వారి ఖాతాలను కూడా తుడిచివేస్తాము. ఒకసారి ఎవరో డాక్టరుగారి ఖాతా అందులోనే ఉండిపోగా, ఆయన ఏ రాత్రి ఏమి చూశారో తరువాత వచ్చినవారు చదువుకున్నారు. నెలకొకసారి తాళానికి, కెమెరాకు వచ్చే అప్‌డేట్లను వేస్తాము. తాళం బ్యాటరీలు కూడా అప్పుడే మారుస్తాము.

ఇవన్నీ చేయటానికి అతిథికి అతిథికి మధ్య మాకు పట్టేది అరగంట. ఆ అరగంట బద్ధకానికే ఒక రోగిష్టి తల్లి ఆ రాత్రంతా నిద్రలేకుండా గడిపింది.

సోదర విద్యార్థులారా, మనలో పలువురి ఇండ్లలో ఇటువంటి వస్తువులు చేరుతున్నవి. ఇతరులకు గది ఇచ్చేవారూ ఉన్నారు. కిరాయి సొమ్ము మన చేతికి వచ్చిన క్షణం నుండి అవతలివారి నిద్ర, మాట, మరుగు మన వద్ద అమానతుగా ఉంటాయి.

కడప తల్లి వెళ్ళేటప్పుడు మమ్ములను దీవించింది. కిరాయి తిరిగి ఇవ్వబోతే పుచ్చుకోలేదు. తువ్వాలు మాత్రం ఆ కెమెరాపైనే ఉండిపోయింది. కెమెరాను దించిన నాడు దాదీ దానిని ఉతికి, మడిచి, తన పెట్టెలో ఇత్తడి తాళం పక్కన పెట్టుకున్నది.