నిమ్మ చిగుళ్ల మీద వెండి గీతలు

నల్లజర్ల



తొలకరి పడగానే మా మెట్టలో నిమ్మతోటలన్నీ చిగురేస్తాయి. వీలు చూసుకుని ఆ లేతాకుల్ని ఒకసారి దగ్గరగా చూడమని అడగడానికే ఈ ఉత్తరం. నత్త పాకిన జాడలా మెరిసే వంకర గీతలు కనిపిస్తాయి. వాటిని గీసే పురుగును రైతులు ఆకుముడత అంటారు, మందుల కొట్లో లీఫ్ మైనర్ అంటారు.

తల్లి పురుగు పొడవు రెండు మిల్లీమీటర్లే. వెండి తెలుపు రెక్కలు, వాటి కొసన చెరో నల్లచుక్క. మునిమాపువేళా తెల్లవారుజామునా తిరుగుతూ లేతాకు మీద ఒక్కో గుడ్డే పెడుతుంది. పిల్ల పురుగు నేరుగా ఆకు పైపొరలోకి దిగి, రసం తాగుతూ సాగిపోతుంది. విడిపోయిన పొర కింద గాలి చేరడం వల్లే ఆ మెరుపు. గీత నడుమ సన్నటి నల్లచార దాని పెంట. పురుగు ఎదిగేకొద్దీ గీత వెడల్పవుతుంది కాబట్టి, సన్నకొస నుంచి వేలు నడిపితే దాని బాల్యమంతా వరసగా తెలుస్తుంది. చివరికి ఆకు అంచు మడిచి, పట్టుదారంతో బిగించి, అందులో ప్యూపా అవుతుంది. ముదురాకుల జోలికి దాదాపుగా పోదు.

ఇది మన దేశపు పురుగే. 1856లో స్టెయింటన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త కలకత్తా నమూనాలు చూసి ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా అని పేరు పెట్టాడు. 1993లో ఫ్లోరిడాలో కనిపించింది. మరుసటి ఏడాదే అక్కడివాళ్లు దాన్ని అణచడానికి ఆస్ట్రేలియా నుంచి ఒక బుల్లి కందిరీగను తెచ్చి వదిలారు. ఇలాంటి కందిరీగలూ, సాలీళ్లూ మన తోటల్లో వాటంతటవే ఉన్నాయి. అందుకే గీత కనిపించగానే మందు కొడుతుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. ఆకు లోపలున్న పురుగుకు పైన పడ్డ మందు సరిగా అందదు, బయట తిరిగే కందిరీగలే ముందు చస్తాయి. నాలుగేళ్లు దాటిన చెట్టు ఈ మాత్రం తాకిడికి తట్టుకుంటుంది. జాగ్రత్తంతా నర్సరీ మొక్కలకూ, కొత్తగా నాటిన తోటలకూ కావాలి; వాటికి ఉన్నవే ఆ నాలుగు ఆకులు. పైగా ఆ గాయాల్లోంచి గజ్జి తెగులు జొరబడుతుంది. గజ్జి మచ్చలున్న కాయకు ఏలూరు మార్కెట్లో ధర పలకదు.

బత్తాయి, నారింజ, దబ్బ, పంపరపనస, గుడి దగ్గరి మారేడు కూడా దీనికి ఇల్లే. వెలగ, కరివేపాకు అదే కుటుంబపు మొక్కలు గనుక వాటి చిగుళ్లూ తిప్పి చూడండి. గీత కనిపిస్తే ఏ ఊళ్లో, ఏ చెట్టు మీద, ఏ నెలలోనో నాకు రాయండి. వచ్చినవన్నీ ఒకచోట చేర్చి మీకే పంపుతాను.

ఉంటాను.